అడుగుపెట్టే ముందు బయటికి దారి చూసుకో, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా ఆ రోజే పెట్టి చూడాలన్న నీ ఉత్సాహం నాకెంతో ఇష్టం. దాన్ని తగ్గించుకోమని ఈ ఉత్తరం రాయడం లేదు. అద్దెకు దిగేవాళ్లు అడ్వాన్స్ చేతిలో పెట్టకముందే, ఖాళీ చేసేటప్పుడు ఎంత తిరిగొస్తుందని అడుగుతారు కదా. ప్రతి కొత్త సేవనూ అలా అడగమంటున్నాను. లోపల ఏముందో నువ్వెలాగూ చూస్తావు. బయటికొచ్చే దారి ఎలా ఉందో మొదటి రోజే చూడు.

ముందుగా ప్రయోగాలకని విడిగా ఒక ఈమెయిల్ తెరువు. బ్యాంకు, కాలేజీ, డిజీలాకర్ ముడిపడి ఉన్న మెయిల్‌తో ఏ కొత్త సేవలోనూ చేరకు. కొత్తది జీమెయిల్ అయితే, చిరునామాలో నీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఆ సేవ పేరు చేర్చొచ్చు. ఉత్తరాలు నీ పెట్టెలోకే వస్తాయి. కొన్నాళ్లకి ఆ చిరునామాకే ఎవరెవరివో ప్రకటనలు రావడం మొదలైతే ఎక్కడి నుంచి పొక్కిందో తెలిసిపోతుంది. కొన్ని సైట్లు ప్లస్‌ను ఒప్పుకోవు, కొన్ని దాన్ని తీసేసి దాచుకుంటాయి. కాబట్టి అది ఆనవాలు మాత్రమే, రక్షణ కాదు.

ఫోన్ నంబరు సంగతి వేరు. ప్రయోగాలకని ఇంకో సిమ్ తీసుకుని రీచార్జ్ చేయకుండా వదిలేస్తే నంబరు రద్దవుతుంది. రద్దయ్యాక 90 రోజులు దాటితే దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు నీ ఖాతాల ఓటీపీలు వాళ్ల ఫోన్‌కి వెళ్తాయి. రెండో సిమ్‌ను బతికించుకోగలిగితేనే దాంతో ఖాతాలు తెరువు.

బ్రౌజర్‌లోనూ ప్రయోగాలకి వేరే ప్రొఫైల్ పెట్టుకో. క్రోమ్‌లో కుడివైపు పైన నీ బొమ్మ మీద నొక్కితే కొత్త ప్రొఫైల్ చేర్చే వీలుంటుంది. దాని కుకీలు (సైట్లు నిన్ను గుర్తుపట్టడానికి దాచే చిన్న ఫైళ్లు), పాస్‌వర్డ్‌లు, ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) అన్నీ విడిగా ఉంటాయి. ఎక్స్‌టెన్షన్లను ఆ ప్రొఫైల్ దాటి రానివ్వకు. 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం' అని అనుమతి అడిగినదానికి, నువ్వు తెరిచిన బ్యాంకు పేజీ కూడా కనిపిస్తుంది. ఈ రోజు మంచిదైన ఎక్స్‌టెన్షన్ రేపు చేతులు మారొచ్చు. ఎక్కువ ట్యాబ్‌లు తెరిచేవాళ్లు చాలామంది ఇష్టంగా వాడిన ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ 2020లో కొత్త యజమానికి అమ్ముడుపోయింది. అందులో హానికర కోడ్ ఉందని 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తీసేసింది. వాడుతున్నవాళ్లు చేసిన తప్పేమీ లేదు. అప్‌డేట్ తనంతట తానే వచ్చింది.

ఇక కంప్యూటర్‌లో ఎక్కించే ప్రోగ్రాముల గురించి. నీ లాప్‌టాప్‌లో విండోస్ ప్రో ఉంటే శాండ్‌బాక్స్ వాడు. అది అసలు విండోస్‌కి విడిగా, ప్రోగ్రాములు నడిపి చూసుకునే తాత్కాలిక విండోస్. హోమ్ ఎడిషన్‌లో అది రాదు. ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద సీపీయూ పేజీ తెరిచి, వర్చువలైజేషన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వీలు) ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడు. లేకపోతే బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ మొదలవుతుండగా తెరిచే సెట్టింగ్‌లలోకి, వెళ్లి ఆన్ చేయాలి. తర్వాత 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్'లో శాండ్‌బాక్స్‌కి టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యి. ర్యామ్ కనీసం 4 జీబీ కావాలి, 8 ఉంటే సుఖంగా నడుస్తుంది. లోపల ఏం ఎక్కించినా కిటికీ మూయగానే అంతా చెరిగిపోతుంది. ఒక్క సంగతి చాలామంది గమనించరు. మామూలుగా శాండ్‌బాక్స్‌కీ నీ అసలు విండోస్‌కీ క్లిప్‌బోర్డ్, అంటే కాపీ చేసింది ఉండే చోటు, ఒక్కటే. బయట పాస్‌వర్డ్ కాపీ చేసి ఉంచుకుంటే లోపలి ప్రోగ్రాము దాన్ని చదవగలదు.

నాలుగు రోజులు నడిపి చూడాల్సినవి శాండ్‌బాక్స్‌లో కుదరవు. వాటికి వర్చువల్‌బాక్స్ పెట్టుకో, అది నీ కంప్యూటర్ లోపలే చెరిగిపోని ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము. విండోస్ బదులు వాడే లినక్స్ చూడాలంటే 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ ఇస్తే సరిపోతుంది. నీ మెషీన్‌లో ఉన్న ర్యామ్‌లో సగానికి మించి మాత్రం ఇవ్వకు, రెండూ నత్తనడక నడుస్తాయి. ఇన్‌స్టాల్ అవగానే, ఇంకేమీ ముట్టుకోకముందే ఒక స్నాప్‌షాట్ తీసుకో, అంటే అప్పుడున్న స్థితిని అలాగే దాచుకో. ఏది చెడినా రెండు నొక్కుల్లో అక్కడికి తిరిగి రావచ్చు. పాత స్నాప్‌షాట్లు పేరుకుంటే డిస్క్ నిండిపోతుంది, అప్పుడప్పుడు తీసేస్తుండు.

ప్రోగ్రామును తయారుచేసినవాళ్ల సైట్ నుంచే దించుకో. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటన లింకు నొక్కకు. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ (తయారుచేసినవాళ్ల సంతకం) ఎవరి పేరున ఉందో చూడు. 650 ఎంబీ లోపుదైతే, ఫైలును చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో వేసి చూడొచ్చు. దాదాపు 70 యాంటీవైరస్‌లలో ఒకటో రెండో అనుమానపడితే, కొత్త ప్రోగ్రాము కావడం వల్ల అయి ఉండొచ్చు. పేరున్నవి నాలుగైదు ఒకే మాట చెబితే వదిలెయ్యి. అక్కడ వేసిన ఫైళ్లు భద్రతా సంస్థల చేతికి వెళ్తాయి గనుక సొంత పత్రాలు ఎప్పుడూ వెయ్యకు. ఇన్ని చూసినా ప్రమాదం పూర్తిగా పోదు. 2017లో కంప్యూటర్‌ను శుభ్రం చేసే సీక్లీనర్ ప్రోగ్రాము 5.33 వెర్షన్ అసలు సైట్ నుంచే, అసలు సంతకంతోనే, లోపల హానికర కోడ్‌తో జనానికి చేరింది. అందుకే ప్రయోగం చేసే మెషీన్‌లో నీ ఫొటోలకీ చదువు ఫైళ్లకీ ఉన్న ఒకే ఒక్క కాపీ ఉండకూడదు.

ఫోన్ యాప్‌ల ప్రయోగాలకి పాత ఫోన్ ఒకటి దొరికితే అంతకంటే మంచి ప్రయోగశాల లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ తీసేసి, వైఫై మీద నడుపు. బ్యాంకు యాప్, వాట్సాప్ అందులో వద్దు. యాక్సెసిబిలిటీ అనుమతి అడిగే యాప్ నీ తెర మీదున్నదంతా చదివి నీ బదులు నొక్కగలదు. చూపు సరిగా లేనివాళ్లకి సాయపడే యాప్‌కి అది అవసరం, వాల్‌పేపర్ యాప్‌కి ఎందుకు? ప్లే స్టోర్‌లో బీటా వెర్షన్లు (ఇంకా పరీక్షలో ఉన్నవి) వాడాలనుకున్నప్పుడు ఇది గుర్తుంచుకో. బీటా నుంచి తప్పుకున్నాక యాప్ తీసేసి మళ్లీ పెట్టుకోవాలి, ఫోన్‌లోనే దాచుకున్న డేటా అప్పుడు పోతుంది. గూగుల్ పిక్సెల్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ బీటా నుంచి వెనక్కి రావాలంటే ఫోన్ మొత్తం చెరిపేయాల్సి వస్తుంది.

డబ్బు దగ్గర మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఉచిత ట్రయల్‌తోనే. రూపాయో రెండు రూపాయలో కట్టి వారం వాడుకోండి అంటారు. నువ్వు పిన్ కొట్టేది ఆ రూపాయికే కాదు, యూపీఐ ఆటోపే మాండేట్‌కి, అంటే ఇకపై వాళ్లే డబ్బు తీసుకునే అనుమతికి. పిన్ కొట్టేముందు ఆ తెర మీద గరిష్ఠ మొత్తం ఎంత, ఎన్నాళ్లకోసారి, ఎప్పటిదాకా అన్న మూడూ చదువు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మామూలుగా 15,000 రూపాయల దాకా ప్రతిసారీ మళ్లీ పిన్ అడగకుండానే తీసుకోవచ్చు. తీసుకోవడానికి 24 గంటల ముందు సమాచారం పంపాలి. ఆ మెసేజ్ ప్రకటనల మధ్య కలిసిపోతుంది. అందుకని ట్రయల్ మొదలుపెట్టిన నిమిషంలోనే, ముగియడానికి రెండు రోజుల ముందు తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. ప్లే స్టోర్ ద్వారా తీసుకున్నవి చాలావాటిలో ముందే రద్దు చేసినా గడువు దాకా వాడుకోవచ్చు, కాబట్టి మొదటి రోజే రద్దు చెయ్యి. ఐఫోన్‌లో గడువుకి కనీసం 24 గంటల ముందు రద్దు చేయాలి. యాప్ తీసేస్తే చందా ఆగదు, ఇది మీ అమ్మకి కూడా చెప్పు.

ఇప్పుడు బయటికి దారి. నోట్స్ యాపో, పనుల జాబితాయో, ఏదైనా సరే మొదటి రోజు పది ముక్కలే రాసి, వెంటనే ఎక్స్‌పోర్ట్ (రాసిందంతా ఫైలుగా దించుకునే బటన్) నొక్కి చూడు. ఆ బటనే లేకపోతే అందులో నీ సరుకు పెట్టకు. వచ్చిన ఫైలు ఆ యాప్ లేకుండా తెరుచుకోవాలి. బొమ్మలు, తేదీలు, లోపలి ఫోల్డర్లు కూడా వచ్చాయేమో చూడు, ఎక్కువగా రాలిపోయేవి అవే. తెలుగు ఉన్న సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే పిచ్చి గీతలు కనిపించొచ్చు. కంగారుపడకు, డేటా పోలేదు. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ ఎంచుకుంటే అక్షరాలు తిరిగొస్తాయి. ఎంత పెద్ద పేరున్నా సేవలు మూతపడతాయమ్మా. సైట్ల కొత్త రాతల్ని ఒకచోట చదివించిన గూగుల్ రీడర్ 2013 జులైలో, తెలుగులోనూ నడిచిన సోషల్ మీడియా యాప్ కూ 2024 జులైలో, వీడియో కాల్స్ చేసుకునే స్కైప్ 2025 మేలో, వ్యాసాల్ని తర్వాత చదవడానికి దాచుకునే పాకెట్ అదే ఏడాది జులైలో ఆగిపోయాయి.

తెలుగు పరీక్ష ఇంకెవరూ నీ బదులు చేయరు. 'రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, సాఫ్ట్‌వేర్' అని కొట్టి చూడు. ఒత్తులు విడిపోతున్నాయా, పీడీఎఫ్ చేసి అందులోంచి కాపీ చేస్తే అవే అక్షరాలు వస్తున్నాయా, 'పుస్తకం' అని వెతికితే 'పుస్తకాలు' ఉన్న నోటు దొరుకుతుందా అన్నవి చూడు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరమే కానీ, కంప్యూటర్లు అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఆరు గుర్తులు, వాటిని ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. అక్షరాల పరిమితి ఉన్న గళ్లలో మన వాక్యం సగంలో తెగేది ఇందుకే.

నచ్చనిదాన్ని వదిలేసేటప్పుడు వరుస తప్పొద్దు. ముందు డేటా దించుకో, తర్వాత చెల్లింపు రద్దు చేసి తెర బొమ్మ తీసుకో, ఆ తర్వాత ఖాతా తొలగించు. ఖాతా ముందు తీసేస్తే చందా రద్దు చేసే పేజీలోకి వెళ్లలేక ఇబ్బంది పడతావు. గూగుల్‌తో సైన్ ఇన్ అయినవాటి అనుమతిని గూగుల్ ఖాతాలోని థర్డ్ పార్టీ కనెక్షన్లలోంచి తీసెయ్యి. ఫోన్‌లోని యాప్‌ను చివరిగా తీసెయ్యి.

తప్పులు కనిపిస్తే తయారుచేసినవాళ్లకి తప్పక రాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' తరహా ఒక తెలుగు అక్షర కూర్పు తెర మీదికి రాగానే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. ఆ సంగతి బయటికి వచ్చాక ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మనం రాయకపోతే మన భాషలో ఏం విరుగుతుందో వాళ్లకి తెలిసే దారి లేదు. యాప్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, నువ్వు చేసిన మెట్లు వరుసగా, ఏం రావాలో, ఏం వచ్చిందో రాయి. తెర బొమ్మ ఒక్కటే పంపితే తెలుగు రానివాళ్లు దాన్ని మళ్లీ టైప్ చేయలేరు. ఆ తెలుగు మాటను టెక్స్ట్‌గా కూడా అతికించి పంపు.

ఆశీస్సులతో,
బాబాయి