పిల్లలే ఓటర్లయిన పుస్తక పురస్కారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బాలసాహిత్య పురస్కారాల గురించి గత సంచికలో వచ్చిన చిన్న వ్యాఖ్య చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలు పంపినవారి పేర్లను వారి కోరిక మేరకు ప్రకటించడం లేదు.

ప్రశ్న: మా పాఠశాలలో లైబ్రరీ బాధ్యత నాది. ప్రతి సంవత్సరం ఒక తెలుగు పిల్లల పుస్తకాన్ని మా విద్యార్థులే ఓట్లు వేసి ఎన్నుకోవాలని, దాని రచయితకు చిన్న సన్మానం చేయాలని స్టాఫ్ మీటింగులో ప్రతిపాదించాను. "పిల్లలకేం తెలుసండీ, బొమ్మలెక్కువ ఉన్నదానికి వేసేస్తారు" అని సహోద్యోగులు కొందరు తేల్చేశారు. ఇటువంటి పురస్కారాలు ఎక్కడైనా ఉన్నాయా? ఉంటే ఎలా నడుస్తాయి?
(ఒక ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి)

జవాబు: ఉన్నాయండీ, అవి నిన్న మొన్న పుట్టినవి కూడా కావు. అమెరికా వాయవ్య రాష్ట్రాలు, వాటిని ఆనుకుని ఉన్న కెనడా రాష్ట్రాల గ్రంథాలయ సంఘం 1940 నుంచి బాల పాఠకుల ఎంపిక పురస్కారాన్ని ఇస్తోంది. దానికి మూలపురుషుడు సియాటిల్ నగరంలోని హ్యారీ హార్ట్‌మన్ అనే పుస్తకాల వ్యాపారి. తమకు ఆనందం కలిగించిన పుస్తకాన్ని తామే ఎంచుకునే అవకాశం ప్రతి విద్యార్థికీ ఉండాలన్నది ఆయన అభిప్రాయం. పుస్తకాలు అమ్ముకునే మనిషి కదా, అందులో వ్యాపార దృష్టి కూడా ఉండే ఉంటుందని ఎవరైనా అంటే కాదనలేము గానీ, పిల్లల పుస్తకాన్ని పిల్లలే కొనరు కాబట్టి వాళ్ల ఇష్టాన్ని పట్టించుకునేవారు అంతగా ఉండరన్న సంగతి దుకాణంలో కూర్చున్న మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? కాన్సాస్ రాష్ట్రంలో 1952లో విలియం అలెన్ వైట్ అనే పత్రికా సంపాదకుని పేరిట మరొకటి మొదలైంది. బ్రిటన్‌లో బాలల పుస్తక బృందాల సమాఖ్య 1980లో ప్రారంభించిన పురస్కారంలో మొదటి వడపోత నుంచి తుది ఓటు వరకు పిల్లలదే నిర్ణయం.

మీ సహోద్యోగుల అనుమానానికి జవాబు టెక్సాస్ గ్రంథాలయ సంఘం 1979లో నెలకొల్పిన బ్లూబానెట్ పురస్కారపు నియమాలలో దొరుకుతుంది. అక్కడ లైబ్రేరియన్లు ఏటా 20 పుస్తకాల జాబితాను ప్రకటిస్తారు. మూడు నుంచి ఆరో తరగతి వరకు చదివే పిల్లలు ఆ జాబితాలో కనీసం 5 పుస్తకాలు చదివితేనే, లేదా ఎవరైనా చదివి వినిపిస్తే వింటేనే, ఓటుకు అర్హులవుతారు. ఈ ఒక్క నియమంతో చాలా చిక్కులు విడిపోతాయి. చదవని పుస్తకానికి, అట్ట బాగుందనో, స్నేహితుడు చెప్పాడనో ఓటు వేయడానికి వీలు ఉండదు. అయిదు చదివిన పిల్లకు ఒకదానితో ఒకటి పోల్చి చూడటం దానంతటదే అలవాటవుతుంది. వినిపించినా సరే అనడం వల్ల చదవడంలో వెనుకబడిన పిల్లలు కూడా ఓటుకు దూరం కారు. నా ఉద్దేశంలో ఈ పురస్కారాలన్నింటి ప్రాణం ఆ అర్హత నియమంలోనే ఉంది. జ్ఞాపిక, శాలువా, సభ వంటివి ఉన్నా సరే, లేకపోయినా సరే.

ఇక మీ పాఠశాల సంగతి. పుస్తకాల బీరువాకు తాళం వేసి, తాళంచెవి హెడ్మాస్టరు గారి టేబుల్ సొరుగులో ఉంచే పద్ధతి మన బడుల్లో నేటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. మీ దగ్గర అలా ఉంటే ముందు దాన్ని మార్చండి. ఆ తరువాత మీరు అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త తీసుకోవలసినది ప్రతుల సంఖ్య విషయంలో. ఒక పుస్తకం ఆరు ప్రతులు, మరొకటి ఒకే ప్రతి ఉన్నాయనుకోండి, మొదటిదాన్ని ఎక్కువమంది చదువుతారు, దానికే ఎక్కువ ఓట్లు పడతాయి. గెలుపును పిల్లలు కాదు, మీ కొనుగోలు బిల్లు నిర్ణయించినట్లవుతుంది. కాబట్టి జాబితాలోని అన్ని పుస్తకాలూ సమానంగా కొనండి. ఒక తరగతిలో 40 మంది ఉంటే, 10 పుస్తకాలు ఒక్కొక్కటి 4 ప్రతుల చొప్పున తెప్పిస్తే ప్రతి బిడ్డ చేతిలోనూ ఒక పుస్తకం ఉంటుంది. ప్రతి వారం లైబ్రరీ పీరియడ్‌లో చేతులు మారుస్తూ పోతే పది వారాల్లో ఆ తరగతి మొత్తం పది పుస్తకాలనూ చూసేస్తుంది. ఎవరు ఏది తీసుకున్నారో ఇష్యూ రిజిస్టరులో రాసేటప్పుడు పక్కన ఇంకొక గడి గీసి, పూర్తిగా చదివారా, సగంలో ఆపేశారా అన్నది పిల్లల చేతనే రాయించండి. సగంలో ఆపేసినందుకు ఎవరినీ మందలించకూడదు. ఏ పుస్తకాన్ని ఎంతమంది మధ్యలో వదిలేశారో చెప్పే ఆ గడి మీకు ఓట్ల లెక్క కన్నా ఎక్కువ విషయాలు చెబుతుంది.

ఓటు వేయించే పద్ధతిలో రెండు దారులున్నాయి. నచ్చిన ఒక్క పుస్తకం పేరు రాయించడం సులువు. చదివిన ప్రతి పుస్తకానికీ అయిదుకు ఇన్ని అని మార్కులు వేయించి, సగటు తీయడం కొంచెం శ్రమ. నేను రెండోదాన్నే సూచిస్తాను, ఎందుకంటే తక్కువమంది చదివినా, చదివినవారందరికీ గాఢంగా నచ్చిన పుస్తకం అప్పుడు మరుగున పడిపోదు. చీటీ మీద పేరు రాయించకండి, తరగతి రాస్తే చాలు. పెట్టె దగ్గర ఉపాధ్యాయులెవరూ నిలబడవద్దు. టీచరమ్మకు ఏది ఇష్టమో కనిపెట్టి దానికే మార్కులు వేయగల తెలివి మూడో తరగతి పిల్లలకు కూడా ఉంటుంది.

కాలం విషయానికి వస్తే, జూన్‌లో బడులు తెరిచాక జాబితా ఖాయం చేసుకుని, జూలై నుంచి చదివిస్తే, దసరా సెలవులు పోను అక్టోబరు చివరికి పది వారాలు నిండుతాయి. నవంబరు 14న బాలల దినోత్సవం, ఆ రోజు నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఫలితం ప్రకటించడానికి అంతకన్నా తగిన వారం దొరకదు.

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి. ఈ మధ్య దానికి విపరీతంగా నచ్చిన పుస్తకంలో ఒక దెయ్యం, దానికి ఆగని ఎక్కిళ్లు, ఇంతకు మించి కథ లేదు. పిల్లలకే వదిలేస్తే ఇలాంటివే గెలుస్తాయి కదా? నచ్చినదల్లా మంచి సాహిత్యం ఎలా అవుతుంది?
(ఒక తండ్రి, కూకట్‌పల్లి)

జవాబు: అవ్వాలని ఎవరూ అనడం లేదు. పెద్దలు ఇచ్చే బహుమతులు ఎటూ ఉన్నాయి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి తెలుగుతో సహా 24 భాషల్లో ఏటా బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. దాని కింద రచయితకు 50,000 రూపాయలు అందుతాయి, నిర్ణయించేది పెద్దల సంఘమే. ఆ పని అవసరమే. భాష, కథన శిల్పం, విషయం లోతు వంటివాటిని తూచగల అనుభవం పెద్దలకు ఉంటుంది. వారు తూచలేనిది ఒక్కటే, ఆ పుస్తకాన్ని తొమ్మిదేళ్ల పిల్ల చివరి పేజీ దాకా వదలకుండా చదువుతుందా అన్నది. జర్మనీలో ఈ రెండింటినీ పక్కపక్కనే ఉంచారు. అక్కడ 1956 నుంచి ఇస్తున్న బాల, యువ సాహిత్య పురస్కారంలో 2003 నుంచి విమర్శకుల మండలితో పాటు యువ పాఠకుల మండలి కూడా పని చేస్తోంది. దేశంలోని వేర్వేరు ఊళ్ల పఠన బృందాల పిల్లలు అందులో ఉంటారు, వారి ఎంపికకు వేరుగా బహుమతి ఉంటుంది. ఒక మండలి తీర్పును మరొక మండలి దిద్దదు.

ఈ చివరి మాటను కాస్త గట్టిగా చెప్పాలనిపిస్తోంది. జాబితా తయారు చేసేటప్పుడు పెద్దలు తమ వివేకమంతా వాడవచ్చు: హింసను వేడుకగా చూపేవి, ఒక కులాన్నో, శరీర లోపాన్నో ఎగతాళి చేసేవి, పేజీకి పది అచ్చుతప్పులున్నవి అక్కడే తీసేయవచ్చు. జాబితాలోకి వచ్చిన తరువాత ఎక్కిళ్ల దెయ్యం గెలిస్తే గెలిచినట్లే. "పిల్లలు దీన్ని ఎన్నుకున్నారు కానీ మేము దానికిస్తున్నాము" అన్న క్షణంలో ఆ పిల్లలు మరుసటి ఏడు చీటీ మీద ఏం రాస్తారో మీరే ఊహించుకోండి.

పోతే, నవ్వించే పుస్తకాన్ని తక్కువగా చూడటం మన పెద్దలకు ఉన్న పాత అలవాటు. నీతి చెప్పని పిల్లల పుస్తకాన్ని సగం పుస్తకంగా చూస్తాము. మీ అమ్మాయిని ఆ ఎక్కిళ్ల కథను మీకు చదివి వినిపించమని అడగండి. ఎక్కడ ఆగి, ఎక్కడ గొంతు మార్చి చదువుతుందో గమనిస్తే, అందులో రచయిత పనితనం ఏమైనా ఉందో లేదో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుణ్ణి. మా కాలనీ సంఘం తరఫున ఇటువంటి ప్రయత్నం చేద్దామనుకుంటున్నాము. ఏటా పది మంచి తెలుగు పుస్తకాలు దొరుకుతాయా? పైగా మా పిల్లల్లో సగం మంది ఇంగ్లీషు మాత్రమే గబగబా చదవగలరు. ఖర్చు సంగతి ఏమిటి?
(ఒక పాఠకుడు, చిక్కడపల్లి)

జవాబు: ఒక్క ఏడాదిలో వచ్చిన కొత్త పుస్తకాలే అనే పట్టుదల పెట్టుకుంటే ఇబ్బంది పడతారు. గత అయిదేళ్లలో వెలువడినవి అని గడువు పెంచండి, అనువాదాలకు కూడా చోటివ్వండి. నేషనల్ బుక్ ట్రస్టు తెలుగు ప్రచురణలు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం వంటి సంస్థల ప్రచురణలు చూస్తే పదికి లోటు ఉండదు. డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాళ్ల మధ్య ఒక పూట తిరిగితే వచ్చే ఏటి జాబితాకు ముడిసరుకంతా దొరుకుతుంది.

ఇంగ్లీషు, తెలుగు పుస్తకాలను ఒకే జాబితాలో కలపవద్దని నా గట్టి సలహా. తెలంగాణలో 2018 చట్టంతో బడుల్లో తెలుగు బోధన తప్పనిసరి అయినప్పటికీ, ఇంగ్లీషు మీడియం పిల్లల్లో చాలామంది తెలుగును కూడబలుక్కుంటూనే చదువుతారు. అటువంటి పిల్ల తెలుగు పుస్తకానికి మార్కులు తగ్గించిందంటే, ఆ కోత కథకా, తన అవస్థకా అన్నది ఎవరూ తేల్చలేరు. రెండు జాబితాలు వేరుగా పెట్టండి, తెలుగు జాబితాలో వాక్యాలు చిన్నవిగా, అక్షరాలు పెద్దవిగా ఉన్నవి రెండు మూడు చేర్చండి, ఆదివారం ఉదయం ఒక గంట మీరే కూర్చుని చదివి వినిపించండి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన గొంతు కాలనీకి ఊరికే దొరుకుతున్నప్పుడు వాడుకోకపోవడం ఎందుకు?

ఖర్చు మీరు భయపడినంత ఉండదు. పుస్తకం సగటున వంద రూపాయలు అనుకుంటే పది పుస్తకాలు నాలుగేసి ప్రతులకు నాలుగు వేలు. గణేశ్ మండపం చందాలో అది ఎన్నో వంతో మీ కోశాధికారి గారు చెప్పగలరు. మీ ఇంటికి దగ్గరలోనే నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడి బల్లలన్నీ పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉన్నా, ఒక వారాంతంలో పిల్లలకు చోటు ఇవ్వమని మీ సంఘం తరఫున లిఖితపూర్వకంగా అడగండి. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా మనం కడుతూనే ఉన్నాము కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ప్రశ్న: నేను ఏడో తరగతి చదువుతున్నాను. మా బడిలో పుస్తకాలకు మార్కులు వేయమన్నారు. ఒక పుస్తకం నాకు అస్సలు నచ్చలేదు. అలా అని రాయవచ్చా? నేను రాసింది ఆ రచయితకు తెలుస్తుందా?
(ఒక విద్యార్థి, ఉప్పల్)

జవాబు: తప్పకుండా రాయవచ్చు. అయితే "బాగా లేదు" అని మాత్రం రాసి వదిలేయకు. ఏ పేజీ దగ్గర విసుగు పుట్టింది, ఎవరి మాటలు నమ్మబుద్ధి కాలేదు, ఏ బొమ్మ కథకు అతకలేదు అన్నది రాస్తే నీ మార్కుకు విలువ వస్తుంది. నేను పైన చెప్పిన బ్రిటన్ పురస్కారంలో ఒక ముచ్చటైన పద్ధతి ఉంది: చివరి వరకు నిలిచిన పుస్తకాల రచయితలకు, చిత్రకారులకు పిల్లలు రాసిన ఉత్తరాలు, గీసిన బొమ్మలు, అభిప్రాయాలు అన్నీ కలిపి ఒక సంపుటంగా అందజేస్తారు. గెలిచింది ఒక్కరే అయినా ఆ సంపుటం మిగతావారికీ అందుతుంది.

మీ బడిలో అటువంటి ఏర్పాటు లేకపోతే నువ్వే ఒక ఉత్తరం రాయి. పుస్తకం మొదట్లో పేరు ఉన్న పేజీని తిప్పితే, వెనక వైపు చిన్న అక్షరాల్లో ప్రచురణకర్త చిరునామా ఉంటుంది. రచయిత పేరు రాసి, "ప్రచురణకర్త ద్వారా" అని చేర్చి ఆ చిరునామాకు పోస్టు చేయి. నీ ఇంటి చిరునామాకు బదులు బడి చిరునామా ఇవ్వు, పంపే ముందు మీ టీచరుగారికి ఒకసారి చూపించు.