వేట హక్కు రాజ్యాంగానికెక్కితే లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. మేము చాలా ఏళ్లుగా ఫ్లోరిడాలో ఉంటున్నాం. సెలవు దొరికితే మా అబ్బాయిని తీసుకుని పడవలో వెళ్లి గాలం వేయడం నాకు అలవాటు. 2024 నవంబరు ఎన్నికల్లో వేట, చేపలు పట్టడం ప్రజల హక్కు అంటూ మా రాష్ట్ర రాజ్యాంగంలో సవరణ చేశారు. హక్కే అయినప్పుడు ఈ లైసెన్సు ఎందుకు, టేపు పెట్టి చేపను కొలవడం ఎందుకు అని మావాడు అడుగుతున్నాడు. నిషేధించిన వలలు మళ్లీ వస్తాయని తోటివాళ్లు కొందరు దిగులు పడుతున్నారు. ఇందులో నిజమెంత? – ఒక పాఠకుడు, టాంపా

జవాబు: లైసెన్సూ తప్పదు, కొలతా తప్పదు. ఆ సవరణలో ఉన్నవి రెండే వాక్యాలు. సంప్రదాయ పద్ధతులతో సహా వేటనూ, చేపలు పట్టడాన్నీ ప్రజల హక్కుగానూ, వన్యప్రాణులను బాధ్యతతో నిర్వహించడానికి ముందుగా ఎంచుకోవలసిన మార్గంగానూ ఎప్పటికీ కాపాడాలని మొదటి వాక్యం అంటుంది. రాష్ట్ర చేపల, వన్యప్రాణుల కమిషన్‌కు రాజ్యాంగం ఇదివరకే ఇచ్చిన అధికారాన్ని ఇది తగ్గించదని రెండో వాక్యం చెబుతుంది. ఏ కాలంలో పట్టాలి, ఎన్ని పట్టాలి, ఎంత పొడవుండాలి అన్న నియమాలన్నీ ఆ కమిషన్ చేసేవే కాబట్టి అవి అలాగే ఉన్నాయి. లైసెన్సు రుసుమును చట్టసభ నిర్ణయించాలని కూడా కమిషన్‌ను ఏర్పరచిన ఆ నిబంధనలోనే రాసి ఉంది. రాష్ట్ర నివాసి పడవ మీద నుంచి ఉప్పునీటి చేపలు పట్టాలంటే ఏడాదికి 17 డాలర్ల లైసెన్సు తీసుకోవాలి. ఒడ్డున నిలబడి పట్టేవారికి రుసుము లేదు కానీ లైసెన్సు మాత్రం ఉండాలి. మీ అబ్బాయికి పదహారేళ్లు నిండకపోతే లైసెన్సు అక్కర్లేదు. కొలతల నియమాలు మాత్రం అతనికీ వర్తిస్తాయి.

కొలత ఎందుకో అతనికి రెడ్‌ఫిష్‌ను చూపించి చెప్పండి. పొడవు 18 అంగుళాలకు తగ్గినా, 27 దాటినా దాన్ని నీళ్లలోకి వదిలేయాలి. చిన్నది ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. పెద్దది ఖాడీలు దాటి లోతు నీళ్లకు వెళ్లి ఏటేటా లక్షల గుడ్లు పెట్టేది. ఈ రెండింటినీ వదిలి మధ్యవాటినే ఇంటికి తెచ్చుకుంటే మీవాడు తన పిల్లలతో వెళ్లినప్పుడు కూడా గాలానికి చేప తగులుతుంది. నా దృష్టిలో చేపలు పట్టే హక్కును నిజంగా కాపాడేది ఈ టేపే.

ఇక వలల సంగతి. గిల్ నెట్ అనేది నీళ్లలో నిలువుగా నిలబడే సన్నని నైలాను గోడ. ముల్లెట్ చేప తల వలకన్నులోంచి దూరుతుంది కానీ ఒళ్లు దూరదు. వెనక్కి లాక్కోబోతే దారం మొప్పల వెనక బిగుసుకుంటుంది. ఏ చేప వచ్చి చిక్కుకుందో, ఏ తాబేలు ఊపిరాడక కొట్టుకుంటోందో వలకు తెలియదు. 1994లో ఫ్లోరిడా ఓటర్లు 72 శాతం మెజారిటీతో ఈ వలల నిషేధాన్ని ఏకంగా రాజ్యాంగంలోనే చేర్చారు. 1995 జులై నుంచి అది అమల్లోకి వచ్చింది. తరతరాలుగా వల మీదే బతికిన కుటుంబాలకు అది చేదు మాత్ర అయింది. సీడార్ కీ అనే చిన్న దీవి పట్టణంలో చాలామంది వలలు పక్కనపెట్టి, శిక్షణ తీసుకుని, సముద్రపు అడుగున క్లామ్‌లనే ఒక రకం ఆల్చిప్పలను పెంచడం నేర్చుకున్నారు. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

కొత్త సవరణలోని ‘సంప్రదాయ పద్ధతులు’ అన్న మాటకు నిర్వచనం ఇవ్వలేదు. మీ మిత్రుల దిగులు అక్కడే పుట్టింది. అయితే ఒక ప్రత్యేక నిషేధం రాజ్యాంగంలో స్పష్టంగా ఉండగా, తర్వాత వచ్చిన సాధారణ వాక్యం దాన్ని మాట మాత్రం చెప్పకుండా కొట్టివేసిందని న్యాయస్థానాలు సులభంగా అంగీకరించవు. రెండింటినీ కలిపి చదవడానికే ప్రయత్నిస్తాయి. కాబట్టి రేపే వలలు దిగుతాయని భయపడనక్కర్లేదు. కానీ నిర్వచనం లేని మాటను రాజ్యాంగంలో పెట్టడం వ్యాజ్యాలకు తలుపు తెరిచి ఉంచడమే, అది పొరపాటనే నేను అనుకుంటున్నాను.

నన్ను అంతకంటే కలవరపెట్టేది ‘ముందుగా ఎంచుకోవలసిన మార్గం’ అన్న మాట. హక్కు ఇవ్వడం వేరు, జంతువుల నిర్వహణకు వేటే మొదటి మందు అని శాసించడం వేరు. ఫ్లోరిడాలో నల్ల ఎలుగులు ఇళ్ల దగ్గరికి రావడానికి ఒక పెద్ద కారణం మూత సరిగా పడని చెత్త డబ్బాలు. 2015లో వేటకు అనుమతిస్తే రెండు రోజుల్లోనే దాదాపు 300 ఎలుగులు చనిపోయాయి, వేటను అంతటితో ఆపేశారు. ఎలుగు తెరవలేని డబ్బాలు పంచడమా, తుపాకీ తీయడమా అన్నది ఆ చోటును, ఆ ఏడాదిని బట్టి జీవశాస్త్రవేత్తలు తేల్చవలసిన విషయం. ఆ తక్కెడలో ఒక పళ్లేన్ని రాజ్యాంగం ముందే కిందికి నొక్కి ఉంచకూడదు.

ప్రశ్న: వేటను ఎవరూ నిషేధించబోవడం లేదు కదా! లేని ప్రమాదానికి రాజ్యాంగ సవరణలు ఎందుకు? మా జార్జియాలో కూడా 2006లో ఇలాంటిది చేశారు. – ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: ఈ హక్కు మూలం చాలా పాతది. ఇంగ్లండులో వేట ప్రభువుల సొత్తు. ఆ పద్ధతి ఇక్కడికి రాకూడదన్న పట్టుదలతో వెర్మాంట్ 1777లోనే తన రాజ్యాంగంలో ప్రజలకు వేట, చేపల స్వేచ్ఛ రాసుకుంది. ఆ స్ఫూర్తిని నేను మనసారా గౌరవిస్తాను. ఇప్పటి సవరణల వరుస మాత్రం 1996లో అలబామాతో మొదలైంది. ఫ్లోరిడాతో కలిపి వేటకు రాజ్యాంగ రక్షణ ఇచ్చిన రాష్ట్రాలు 24 అయ్యాయి. అరిజోనా ఓటర్లు మాత్రం 2010లో తిరస్కరించారు.

1996లోనే కొలరాడో, మసాచుసెట్స్ ఓటర్లు కొన్ని రకాల ఉచ్చులను నిషేధించారు. పట్టణాల ఓట్లతో తమ జీవన విధానం ఒక్కొక్క మెట్టే పోతుందన్న భయం పల్లెల్లో పుట్టింది. అది పూర్తిగా ఊహ కాదు. కానీ 2024లో కొలరాడోలో ప్యూమా అనే పెద్ద అడవి పిల్లి వేటను నిషేధించే ప్రతిపాదన వస్తే అక్కడి ఓటర్లే దాన్ని ఓడించారు. అంటే రాజ్యాంగపు కంచె లేనిచోట కూడా తమ వాదన చెప్పి ఒప్పించుకోవడానికి వేటగాళ్లకు అవకాశం ఉంది.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. 1937 నాటి కేంద్ర చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది. అందులో వాటా పంచేటప్పుడు రాష్ట్రంలోని వేట లైసెన్సుదారుల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకుంటారు. చిత్తడి నేలలు, అడవులు ఎన్నో ఆ డబ్బుతో నిలిచాయి. ఈ మేలును మరచి వేటగాళ్లను ప్రకృతికి శత్రువులుగా చూడటం అన్యాయం.

ప్రశ్న: రాష్ట్ర రాజ్యాంగంలోని ఈ హక్కు మూలవాసుల హక్కుల కంటే పెద్దదా? – ఒక విద్యార్థి, సియాటిల్

జవాబు: కాదు. తెగలతో అమెరికా కేంద్ర ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాలు రాష్ట్ర రాజ్యాంగాల కంటే పైమెట్టు మీద ఉంటాయి. మీ వాషింగ్టన్ రాష్ట్రంలోనే 1974లో ఫెడరల్ న్యాయమూర్తి జార్జ్ బోల్ట్, తెగల సంప్రదాయ రేవుల్లో పట్టదగిన చేపల్లో సగం వరకు పట్టుకునే హక్కు ఒప్పందం చేసుకున్న తెగలకు ఉందని తీర్పు చెప్పారు. వ్యోమింగ్ కథ మరీ చెప్పుకోదగ్గది. ఆ రాష్ట్రం 2012లో వేట హక్కును తన రాజ్యాంగంలో చేర్చుకుంది. 2014లో క్రో తెగకు చెందిన ఒకరు ఎల్క్ జింకల వెంట మోంటానాలో తమ తెగకు కేటాయించిన రిజర్వేషన్ భూమి దాటి వ్యోమింగ్‌లోని బిగ్‌హార్న్ అడవిలోకి వెళ్లి వేటాడితే, కాలం కాని కాలంలో వేటాడారంటూ అదే రాష్ట్రం కేసు పెట్టింది. వేటాడుకోవచ్చని 1868 ఒప్పందంలో తమకిచ్చిన మాట వ్యోమింగ్ రాష్ట్రంగా అవతరించినంత మాత్రాన చెల్లకుండా పోలేదన్న ఆయన వాదనను అమెరికా సుప్రీంకోర్టు 2019లో 5–4 తేడాతో అంగీకరించింది.