బుద్ధుడి ముఖం మాత్రం తోమకండి

ప్రశ్న: మా చిన్నబ్బాయి 8 అంగుళాల ఇత్తడి బుద్ధుణ్ని తెచ్చాడు. కుడిచేయి మోకాలి మీదుగా నేలకు ఆనించి కూర్చున్న విగ్రహం. నల్లబడిందని పూజ సామాన్లతో పాటు చింతపండు, ఉప్పు వేసి కాసేపు నానబెట్టి తోమాను. గులాబి రంగు మచ్చలు పడ్డాయి. నకిలీదేమో అని టెన్షన్‌గా ఉంది. మా చెల్లెలి గృహప్రవేశానికి ఇంకొకటి కొనాలి. బుద్ధుణ్ని పూజగదిలో పెట్టొచ్చా అని మా అత్తగారి సందేహం.
- ఒక సోదరి, చిత్తూరు

జవాబు: గులాబి రంగు నకిలీకి గుర్తు కాదమ్మా, బెంగ పెట్టుకోకండి. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. పులుపూ ఉప్పూ ఎక్కువసేపు పట్టి ఉంటే పైపైన తుత్తునాగం కరిగిపోయి రాగి బయటపడుతుంది.

మా నాయనకు తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడి దగ్గర పాత్రల అంగడి ఉండేది. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒక బుద్ధుడికి చింతపండు గుజ్జు పట్టించి, మరిచిపోయి పడుకున్నాను. పొద్దున చూస్తే ఎడమ చెంపంతా రాగిరంగు. నాయన ఒక్క మాట అనలేదు. నూలుగుడ్డకు మెత్తటి విబూది అద్ది మూడు రోజులు ఓపిగ్గా రుద్దాడు. చెంప బాగైంది గానీ కనురెప్ప గీత పలచబడిపోయింది. దాన్ని అమ్మబుద్ధి కాలేదు ఆయనకు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. సగం మూసిన ఆ కళ్లలో ఒకటి స్పష్టంగా, ఒకటి మసకగా ఉంటుంది.

అందుకే చెబుతున్నా, మీ మచ్చలకూ విబూదే వాడండి, కానీ ముఖం జోలికి పోకండి. తోమిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది, ముందు పోయేది సన్నటి గీతలే. బాపట్ల దగ్గర బుద్ధాంలో దొరికిన పాత కంచు బుద్ధులు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని ఎవరూ తళతళలాడేలా తోమరు. నల్లదనం మురికి కాదు. ఆకుపచ్చగా పొడి రాలే చిలుము కనిపిస్తే మాత్రం వదలకూడదు.

మామూలుగా వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. చెమట చేతులతో ముట్టుకుంటే వేలిముద్రలు నల్లగా పడతాయి, పీఠం పట్టుకుని ఎత్తండి. పాలు, పెరుగు అభిషేకాలు వద్దు. మడతల్లో మిగిలిన తడే చిలుముకు మూలం. కుంకుమ ముద్దగా అద్దినా అంతే.

ఇక కొనడం. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. అంటుకోకపోయినా నమ్మకండి, బంగారు రంగు వేసిన అల్యూమినియానికీ అంటుకోదు. విగ్రహాన్ని తిరగేసి, మెరుగు పెట్టని అడుగుభాగం చూడండి. అక్కడా పసుపే ఉండాలి. అడుగు మూసి ఉంటే లోపల ఏం నింపారో అడగండి, ధర బరువును బట్టి కడతారు కదా. కొత్తవాటికి వార్నిష్‌లాంటి పూత ఉంటుంది. అది ఉన్నన్నాళ్లూ పొడిగుడ్డే, చింతపండు తగిలితే పూత చారలు చారలుగా లేస్తుంది.

అన్నిటికన్నా ముందు విగ్రహాన్ని వెలుతురులోకి తెచ్చి ముఖం చూడండి. రెండు కళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా, పెదవి అంచు తెలుస్తోందా? ఆకురాయి గరుకు మిగిలి ఉంటే బరువెంతున్నా వదిలేయండి. బొజ్జతో నవ్వే విగ్రహం చూపిస్తారు. ఆయన చైనా కథల్లోని సన్యాసి, గౌతముడు కాదు. చెల్లెలికి ఏది కావాలో తెలుసుకుని కొనండి.

మీ అబ్బాయి తెచ్చింది భూమిస్పర్శ ముద్ర, జ్ఞానోదయమైన వేళ భూమిని సాక్షిగా పిలిచిన భంగిమ. పూజగదిలో నిరభ్యంతరంగా పెట్టొచ్చు. హాల్లో పెడితే కంటి ఎత్తుకు తగ్గకుండా, పడుకున్నవాళ్ల కాళ్లు అటు రాకుండా చూడండి, బౌద్ధ దేశాల్లో పాటించే మర్యాద అది. దీపం సెగ, పొగ తగలనంత దూరంలో వెలిగించి, రెండు పూలు పాదాల ముందు పళ్లెంలో పెట్టమని మీ అత్తగారికి చెప్పండి.