మూతపడ్డ కెమికల్ కంపెనీ పక్కన ఇల్లు: కొనేముందు చూడాల్సినవి, కాజీపల్లి వైపు నుంచి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరు పక్కనున్న బొల్లారం దగ్గర ఒక పాత ఇల్లు బేరం కుదిరేలా ఉంది, వెనక గోడ అవతల ఎప్పుడో మూతపడ్డ కెమికల్ కంపెనీ షెడ్లున్నాయి, నీళ్లకు బోరే ఆధారం, ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. ఆరోగ్యానికి ఇబ్బందా? కొన్నాక ఏదైనా బయటపడితే కేసు వేయొచ్చా?

అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదన్నారు కదా, ఇవ్వకండి. బోరు నీళ్ల రిపోర్టు, ఆ కంపెనీ కాగితాలు చేతికొచ్చేదాకా ఆగండి. అమ్మేవాళ్లు, మధ్యవర్తులు తొందరపెడతారు. "కంపెనీ మూతపడింది, ఇంకేం భయం" అంటారు. మాది అక్కడికి దగ్గర్లోని కాజీపల్లి వైపు. ఈ మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. నిజానికి నడుస్తున్న కంపెనీకి కనీసం గేటు దగ్గర ఒక మనిషి, కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) దగ్గర ఒక ఫైలు, అడగడానికి ఒక పేరు ఉంటాయి. మూతపడ్డదానికి అడగడానికి మనిషే మిగలడు, ఫైలు కూడా పట్టుబట్టి అడిగితే తప్ప బయటికి రాదు. కానీ అది భూమిలోకి వదిలింది మాత్రం అక్కడే ఉంటుంది.

పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల డెబ్భైల నుంచి ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటిలో బల్క్ డ్రగ్ కంపెనీలు, అంటే మందుల ముడిసరుకు తయారుచేసేవి, ఎక్కువ. మందు తయారీలో టన్నులకొద్దీ సాల్వెంట్లు, అంటే ఇతర పదార్థాలను కరిగించే ద్రవ రసాయనాలు, వాడతారు. వ్యర్థాల్లో ఉప్పు శాతం విపరీతంగా ఉంటుంది. తొలి రోజుల్లో ఈ నీళ్లు వాగుల్లోకి, కుంటల్లోకి వెళ్లేవి. అవి నక్కవాగులో కలిసి మంజీరకు చేరేవి. పొలాలు చవిటిబారాయి, బావులు పాడయ్యాయి. పటాన్‌చెరులో ప్రాక్టీస్ చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు రోగులను చూస్తూనే దశాబ్దాల పాటు దీనిమీద పోరాడారు. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు తర్వాత హైకోర్టుకు, అక్కణ్నించి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది చాలా ఎక్కువ. శుద్ధి చేశాక బయటికొచ్చిన నీళ్ల సంగతి ఇది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాలని 43 పేర్లు ప్రకటిస్తే పటాన్‌చెరు–బొల్లారం అందులో ఉంది. ఇదంతా చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. మీరు కొనే ఇంటి ఈసీలో, అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఈ చరిత్ర కనిపించదు కాబట్టి చెప్తున్నాను.

మా వీధిలో ఒకాయన ఇల్లు కడుతూ సంపు తవ్వించారు. పైనంతా మామూలు మొరం. నడుంలోతు దాటాక మట్టి నల్లగా, జిగటగా వచ్చింది. తట్ట పైకెత్తగానే పెయింట్లో కలిపే థిన్నర్ వాసన గుప్పుమంది. తవ్వేవాళ్ల కళ్లు మండి నీళ్లు కారాయి. ఇద్దరు పని ఆపేసి దూరంగా వెళ్లి కూర్చున్నారు. పక్క కంపెనీ మూతపడి అప్పటికే చాలా ఏళ్లయింది, వీధిలో నిలబడితే ఏ వాసనా లేదు. అందుకే సాయంత్రం ఒకసారి వెళ్లి చూసి, వాసనేం లేదు బాగుంది అనుకుని తేల్చుకోవద్దు. వీలైతే వానాకాలంలో ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లండి. ఆ వీధిలో సంపులు తవ్వినవాళ్లను, బోర్లు వేసేవాళ్లను కలవండి. ఎంత లోతులో ఏ రంగు నీళ్లు పడ్డాయో బోరు బండివాళ్లకు బాగా గుర్తుంటుంది.

నీళ్ల పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఆర్‌వో మెషీన్ అమ్మేవాళ్లు చిన్న మీటరు ముంచి టీడీఎస్ చూపిస్తారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె, అంతే. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా అనుమతిస్తారు. అదే ప్రమాణంలో సీసం పరిమితి 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003, పాదరసం 0.001. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో సీసం పరిమితికి పదిరెట్లున్నా ఆ మీటరు పట్టుకోలేదు. సాల్వెంట్లు అసలు లవణాలే కావు, వాటిని అది చూడనే చూడదు.

కాబట్టి ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌కు వెళ్లి మామూలు తాగునీటి పరీక్షతో పాటు భారలోహాలు, ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలు, అంటే వీఓసీలు, విడిగా చేయమని అడగండి. శాంపిల్ మీరు వాటర్ బాటిల్లో పట్టుకెళ్తే పనికిరాదు. లోహాలకు యాసిడ్ వేసిన సీసా కావాలి. వీఓసీలకు గాలి బుడగ లేకుండా నిండా నింపి మూతపెట్టే గాజు సీసా కావాలి. ల్యాబ్ మనిషే వచ్చి తీసుకెళ్లేలా మాట్లాడుకోండి. తేదీ, బోరు ఉన్న చోటు, ఎవరు తీశారు అన్నవి రిపోర్టు మీద రాయించండి. రేపు కోర్టు అవసరం పడితే ఆ మూడు వివరాలే రిపోర్టుకు బలం. ఖర్చు వేలల్లోనే ఉంటుంది. ఇంటి ధర ముందు అది లెక్కలోకి రాదు. నల్లమట్టి సంగతి చూశాను కాబట్టి, పెరట్లో కాస్త లోతు నుంచి మట్టి శాంపిల్ కూడా తీయించమంటాను.

మరిగిస్తే సరిపోతుందని మా అమ్మ తరంవాళ్లంతా నమ్మారు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, లోహాలు పోవు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినదాంట్లో వాటి సాంద్రత పెరుగుతుంది. ఆర్‌వో చాలా లోహాలను ఆపుతుంది. కానీ కొన్ని సాల్వెంట్లకు మంచి కార్బన్ ఫిల్టర్ ఉండాలి, దాన్ని వేళకు మార్చాలి. పైగా వంటింట్లో ఆర్‌వో పెట్టి బాత్రూంలో అదే బోరు వేడినీళ్లు పోసుకుంటే సాల్వెంట్ ఆవిరి పీల్చినట్టే. మా ఇంట్లో రిపోర్టు వచ్చిన రోజు నుంచి తాగడానికి, వంటకు, స్నానానికి బోరు ఆపేశాం. నల్లా నీళ్లు వచ్చేవరకు ట్యాంకర్ మీద నడిపాం. నల్లా కనెక్షన్ లేని ఇల్లయితే, అక్కడ ఎంత తక్కువ ధర పలికినా నేను వద్దనే అంటాను.

పాప ఉందన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. పెద్దవాళ్లకంటే చిన్నపిల్లల ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది, మెదడు ఎదుగుదల మీద దెబ్బ తీస్తుంది. వాళ్లు మట్టిలో ఆడతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఇప్పటికే అలాంటి చోట ఉంటున్నవాళ్లు ఇది చదువుతుంటే పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా ఆపైన ఉంటే సీసం ఎక్కణ్నించి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు దురద, దగ్గు, తలనొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఎక్కడ ఉంటున్నారు, ఎన్నాళ్ల నుంచి, ఏ నీళ్లు వాడుతున్నారు అన్నది చెప్పి చీటీ మీద రాయమనండి. ఒంట్లో విషం తీస్తామంటూ ఎవరైనా అమ్మే పొడులు, కషాయాల జోలికి పోవద్దు. పెరట్లో ఆకుకూరలు వేయకండి, కాడ్మియం లాంటివి ఆకుల్లోకి తేలిగ్గా ఎక్కుతాయి. ఫలానా మనిషికి ఫలానా జబ్బు ఈ కంపెనీ వల్లే వచ్చిందని తేల్చడం డాక్టర్లకూ కష్టమే. కేసుల్లో బాధితులు నలిగిపోయేది కూడా అక్కడే. ముందు నుంచీ రిపోర్టులు దాచుకోవాలనేది అందుకే.

ఇక చట్టం. కొనకముందే మీ చేతిలో ఉన్నది సమాచార హక్కు. 10 రూపాయల ఫీజుతో కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టండి. కంపెనీ గురించి పూర్తి సమాచారం ఇవ్వండి అని రాస్తే గుండుసున్నా వస్తుంది. సర్వే నంబరు వేసి విడివిడిగా అడగండి: ఆ యూనిట్‌కు ఇచ్చిన అనుమతి పత్రాలు, మూసివేత ఉత్తర్వులు, తనిఖీ నివేదికలు, చుట్టుపక్కల బోర్ల పరీక్షలు, ప్రమాదకర వ్యర్థాల వార్షిక రిటర్నులు, ఆ వ్యర్థాలు ఎక్కడికి పంపారో చూపే మేనిఫెస్టులు. జవాబుకు 30 రోజుల గడువు. ఏళ్ల తరబడి నడిచిన కంపెనీకి మేనిఫెస్టులు నామమాత్రంగా ఉంటే ఆ వ్యర్థం ఎటు పోయిందని మీరు అనుమానించాల్సిందే.

అమ్మేవాడి బాధ్యత వేరు, కంపెనీ బాధ్యత వేరు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పితీరాలి. దాచాడని నిరూపించగలిగితే సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. కాలుష్యం వల్ల జరిగిన నష్టానికైతే హరిత ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకు దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగడానికి నష్టానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఐదేళ్ల గడువు. ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న దానిమీదే పెద్ద వాదన నడుస్తుంది, కాబట్టి మొదటి చెడ్డ రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే లాయర్‌ను కలవండి. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని 1996లో సుప్రీంకోర్టు రాజస్థాన్‌లోని బిచ్రీ కేసులో గట్టిగా చెప్పింది. అక్కడా ఫ్యాక్టరీలు ఆగాక మట్టిలో, బావుల్లో మిగిలిన విషం గురించే గొడవ.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల గురించి జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, రాష్ట్ర మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి, కలుషితమని తేలితే కారకుడు శుభ్రం చేయించాలి, వాడు లేకపోతే ప్రభుత్వాలు చూడాలి. మీ వీధివాళ్లంతా కలిసి ల్యాబ్ రిపోర్టులు జతచేసి కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకుంటే ఈ ప్రక్రియ మొదలుపెట్టమని అడిగే హక్కు గట్టిగా ఉంటుంది. హైదరాబాద్ చుట్టూ పాత పారిశ్రామిక భూములను ఇళ్లకు, ఆఫీసులకు మార్చే విధానం కూడా 2025లోనే వచ్చింది. వేల ఎకరాల మాట అది. పునాది తవ్వకముందు మట్టి పరీక్ష తప్పనిసరి చేయకుండా ఆ భూముల్లో అపార్ట్‌మెంట్లు కట్టనివ్వడం చాలా తప్పని నా అభిప్రాయం.

అన్నీ చూసుకుని రిపోర్టులు బాగానే వచ్చి మీరు కొనాలనే నిర్ణయించుకుంటే, అగ్రిమెంట్లో రెండు వాక్యాలు రాయించండి. ఈ స్థలంలో, బోరులో పారిశ్రామిక కాలుష్యం ఉన్నట్టు తనకు తెలియదని, పీసీబీ నుంచి తనకు ఏ నోటీసూ రాలేదని అమ్మేవాడు హామీ ఇవ్వాలి. రిజిస్ట్రేషన్‌కు ముందు చేసే రెండో నీటి పరీక్షలో లోహాలుగానీ సాల్వెంట్లుగానీ పరిమితి దాటితే అడ్వాన్స్ మొత్తం వెనక్కివ్వాలి. ఈ రెండిటికీ అతను సంతకం పెట్టనంటే ఇంకో ఇల్లు చూసుకోండి.