చిన్నప్పటి సూపర్‌హీరో కామిక్స్ ఇప్పుడు మళ్లీ చదివితే ఆ మజా ఉంటుందా?

మీరడిగింది, అప్పట్లో పిచ్చిగా చదివిన కామిక్స్ ఇప్పుడు కొని చదివితే ఆ సంతోషం దొరుకుతుందా, లేక ఉన్న జ్ఞాపకం కూడా చెడుతుందా అని. నేను ఆ పని చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. కొంత చెడింది. ఒక్క పేజీ మాత్రం అప్పుడు నేను సరిగ్గా చూడనే లేదని తేలింది.

చెడిన సంగతి ముందు. పాత కామిక్స్‌లో మాటలు మరీ ఎక్కువ. హీరో గోడ బద్దలు కొడుతున్న బొమ్మ కళ్లెదుటే ఉంటుంది, అయినా కొడుతున్నానని మాటల బెలూన్‌లో తనే చెబుతాడు. విలన్ సంగతి సరేసరి, హీరోని కట్టేసి తన పథకమంతా పూసగుచ్చినట్టు వివరిస్తే గానీ ఆయనకి నిద్రపట్టదు. రెండు సంచికలు వరసగా చదివేసరికి నాకు ఆవలింతలొచ్చాయి. అప్పుడెందుకు రాలేదంటే, సగం బెలూన్లు వదిలేసి బొమ్మలు చూసుకుంటూ కథ నేనే అల్లుకునేవాణ్ణి.

రెండో దెబ్బ రంగులు. మొదట ట్యాబ్‌లో చదివాను. కొత్తగా రంగులు వేసిన ఎడిషన్ అది, నున్నగా, నిగనిగలాడుతూ ఉంది. ఏదో తక్కువైందని చాలాసేపు తెలియలేదు. చుక్కలు! నాలుగే సిరాలతో నాసిరకం కాగితం మీద అచ్చేసేవాళ్లు కాబట్టి, లేత రంగు కావాలంటే చుక్కలే దిక్కు. దగ్గరగా చూస్తే హీరో బుగ్గ నిండా ఎర్ర చుక్కలు కనిపించేవి, ఒక్కోసారి రంగు గీత దాటి పక్కకి జరిగిపోయేది కూడా. అచ్చు ఇబ్బందులు హీరోల రూపాన్నే మార్చేశాయి. 1962లో మొదటి సంచికలో హల్క్ బూడిద రంగువాడు. ఆ రంగు ఒక్కో పేజీలో ఒక్కోలా పడుతోందని రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేశారు. ఫాంటమ్ 1936లో దినపత్రికల్లో నలుపు తెలుపుల్లో మొదలై, 1939లో ఆదివారం రంగుల పేజీలో ఊదా దుస్తుల్లోకి వచ్చాడు. అదే ఫాంటమ్ ఇటలీలో ఎరుపు, స్వీడన్‌లో నీలం. ఊదా అని నేను, నీలం అని మా బాబాయి కొడుకు జుట్లు పట్టుకునేదాకా వెళ్లాం. ఇద్దరం చూసిందే చెప్పామని తెలిసేసరికి పోట్లాడే వయసు దాటిపోయింది.

అందుకని కొనేటట్టయితే రంగులు మార్చినవి కాకుండా, పాత సంచికని ప్రకటనలతో సహా ఉన్నదున్నట్టు అచ్చేసే ఫాక్సిమిలీ ప్రతులు చూడండి. చేతిలో ఎముకలు కనిపిస్తాయని ఊరించే ఎక్స్‌రే కళ్లద్దాలు, నీళ్లలో వేస్తే పుట్టుకొచ్చే సీ మంకీలు, అన్నీ ఉంటాయి. (సీ మంకీలంటే కోతులు కాదు, ఉప్పునీటి రొయ్యల జాతి జీవులు. ఇది తెలిసినప్పుడు కాస్త బాధపడ్డాను.)

ఇక ఆ పేజీ. 1973లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ 121వ సంచిక. నా దగ్గరున్నది అట్ట ఊడిన పాత కాపీ. కథ పేరు చెబితే గుట్టు బయటపడుతుందని దాన్ని చివరి పేజీలో వేశారు. విలన్ గ్రీన్ గాబ్లిన్, స్పైడర్‌మ్యాన్ ప్రేమించిన గ్వెన్‌ని వంతెన మీంచి తోసేస్తాడు. బొమ్మలో ఉన్నది బ్రూక్లిన్ వంతెన, మాటల్లో రాసింది మాత్రం జార్జి వాషింగ్టన్ వంతెన పేరు! స్పైడర్‌మ్యాన్ సాలెదారం విసిరి ఆమె కాలు పట్టి ఆపుతాడు. పైకి లాగుతూ తన తెలివికి తనే మురిసిపోతాడు కూడా. తీరా చూస్తే ఆమె చనిపోయి ఉంటుంది. దారం అందకముందే, పడుతుండగానే పోయిందని గాబ్లిన్ అంటాడు. నేను నమ్మేశాను. విలన్ మాట నమ్మకూడదని ఆ వయసులో తట్టలేదు.

ఇప్పుడు చదువుతుంటే, దారం బిగుసుకున్న బొమ్మలో ఆమె మెడ పక్కన ఏదో చిన్నగా రాసి ఉంది. స్నాప్, అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. కాపాడాలని వేసిన దారమే మెడ విరిచింది. తర్వాత 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకులే ఒప్పుకున్నారు, పడుతున్న మనిషిని ఒక్కసారిగా ఆపడంతో మెడకి తగిలిన కుదుపే ఆమెని చంపిందని. పదేళ్ల వయసులో ఆ పేజీ ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు, ఆ నాలుగు అక్షరాలు ఒక్కసారీ కంటపడలేదు.

చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. తర్వాత ఆ అక్షరాల మీద బొటనవేలు అడ్డం పెట్టి చూశాను. నా చిన్నప్పటి బొమ్మ అలాగే ఉంది, స్పైడర్‌మ్యాన్ ఆమెని పట్టుకునేశాడు.