టెక్ సందేహాలు: 90 డీబీ అన్నారు, తెర నిండా గడ్డి!

ప్రశ్న: గుండె సిగ్నల్ చూద్దామని ఒక ఆప్ ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్), నాలుగు రెసిస్టర్లతో, రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాను పెంచే డిఫరెన్స్ యాంప్లిఫయర్ కట్టాను. డేటాషీట్‌లో సీఎంఆర్ఆర్ (రెండు ఇన్‌పుట్లకూ ఒకేలా వచ్చే రొదను అణచే సామర్థ్యం) 90 డీబీ అని ఉంది. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టగానే తెర నిండా గడ్డిలా రొద మొలుస్తోంది. చిప్ నకిలీదా?

జవాబు: చిప్ సంగతి తర్వాత. ఎలక్ట్రోడ్లు ఒంటి మీద ఉండగా ఛార్జర్ పెట్టారా? ముందు అది పీకేయండి. ఛార్జర్‌లో కరెంటు వైపునీ అవుట్‌పుట్ వైపునీ కలుపుతూ ఒక చిన్న వై కెపాసిటర్ ఉంటుంది. మీ గడ్డిలో చాలా భాగం ఆ దారినే వస్తోంది. నాసిరకం ఛార్జర్‌లో అది షార్ట్ అయితే మెయిన్స్ నేరుగా మీ ఛాతీకి చేరుతుంది. ఒంటికి తగిలించే సర్క్యూట్ బ్యాటరీ మీదే నడవాలి, దానికి కలిపిన ల్యాప్‌టాప్ కూడా. ఇలాంటి ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నాకు టెన్షనే.

ఇక 90 డీబీ. అది డీసీ దగ్గర, అంటే సున్నా ఫ్రీక్వెన్సీలో, కొలిచిన అంకె. మొదటి పేజీలో దాన్ని పెద్దగా వేసి, అసలు గ్రాఫ్‌ను లోపలెక్కడో దాచే అలవాటు నాకు ఒళ్లు మంట. ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ల జంట కింద ఉండే కరెంట్ సోర్స్ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తన కెపాసిటెన్స్ గుండా లీకవుతుంది. జంటలో ఉన్న కాస్త తేడా ఆ లీకును అసలు సిగ్నల్‌లా మార్చేస్తుంది. సీఎంఆర్ఆర్ 100 హెర్ట్జ్ దగ్గర పడటం మొదలైందనుకుందాం. ఫ్రీక్వెన్సీ పదింతలైన ప్రతిసారీ 20 డీబీ పోతుంది. ఛార్జర్ స్విచింగ్ ఉండే 100 కిలోహెర్ట్జ్‌కి వచ్చేసరికి మిగిలేది 30 డీబీ. అంటే ఒక వోల్ట్ రొద 30 మిల్లీవోల్ట్‌లుగా లోపలికొస్తుంది. గుండె సిగ్నల్ ఒక మిల్లీవోల్టే!

పైగా రెసిస్టర్లు సరిగ్గా జత కుదరకపోయినా రొద లోపలికొస్తుంది. మీవి 1 శాతం (విలువ అంత అటూఇటూ ఉండే) రెసిస్టర్లయితే, గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) ఒకటి దగ్గర అవి చెడ్డగా కుదిరితే 34 డీబీకి మించి దక్కదు. 0.1 శాతం వాడినా 54. ఇలాంటి పనికే చేసిన చిప్, ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్, కొనుక్కోండి.

నమ్మకం లేకపోతే ఎలక్ట్రోడ్లు తీసేసి, రెండు ఇన్‌పుట్లనూ కలిపి జనరేటర్ నుంచి ఒక వోల్ట్ ఇచ్చి, 50 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా తిప్పండి. అవుట్‌పుట్‌లో మొదట చదునుగా కనిపించేది రెసిస్టర్ల పాపం, ఆపైన ఎక్కేది చిప్‌ది.