లెక్కల మాస్టారి జవాబులు: చెట్టుకూ ఐగెన్ విలువలు

ప్రశ్న: సార్, గ్రాఫ్ థియరీలో చెట్టు ఐగెన్ విలువలు ప్లస్, మైనస్ జంటలుగానే ఎందుకు వస్తాయి? అవి చూసి చెట్టు ఏదో చెప్పగలమా? వాటిని లెక్కగట్టే డిటర్మినెంట్ పెద్దదయ్యేసరికి టెన్షన్ వస్తోంది.
– ఎమ్మెస్సీ విద్యార్థిని, పరకాల

జవాబు: డిటర్మినెంట్ కాసేపు పక్కన పెట్టమ్మా. క్లాసులో నేనూ చాలా ఏళ్లు దాంతోనే మొదలుపెట్టేవాణ్ణి. చుక్కల మీద సంఖ్యలు రాయించడం మొదలుపెట్టాకే పిల్లల ముఖాలు విప్పారాయి.

కాగితం మధ్యలో హన్మకొండ అని ఒక చుక్క పెట్టు. చుట్టూ పరకాల, ములుగు, నర్సంపేట, జనగామ. హన్మకొండ నుంచి నాలుగింటికీ గీతలు గీయి. వలయం లేదు, విడిపోయిన ముక్క లేదు, కనుక ఇది చెట్టే. ఇప్పుడు ప్రతి చుక్కకూ ఒక సంఖ్య ఇవ్వాలి, అన్నీ సున్నాలు కాకూడదు. ఏ చుక్క దగ్గరైనా, దానితో గీత కలిసిన చుక్కల సంఖ్యల మొత్తం దాని సంఖ్యకు ప్రతిచోటా ఒకే రెట్లు రావాలి. ఆ రెట్టే ఐగెన్ విలువ.

హన్మకొండకు 2, ఊళ్లకు తలా 1 ఇవ్వు. హన్మకొండ చుట్టూ మొత్తం 4, అంటే 2కు రెట్టింపు. పరకాల పక్కన ఉన్నది 2, అదీ 1కి రెట్టింపే. విలువ 2 దొరికింది. ఇక హన్మకొండ సంఖ్య ఒక్కటే −2 చెయ్యి. అన్ని చోట్లా రెట్టు −2 అవుతుంది. ఏ చెట్టునైనా పక్కపక్క చుక్కలకు ఒకే రంగు రాకుండా రెండు రంగులతో నింపొచ్చు. ఒక రంగు చుక్కల గుర్తులు మారిస్తే చాలు, విలువ గుర్తు మారుతుంది. నీ జంటల రహస్యం ఇంతే. పరకాలకు 1, ములుగుకు −1, మిగతావాటికి 0 ఇస్తే విలువ 0 వస్తుంది. ఇలాంటి స్వతంత్ర ఏర్పాట్లు మూడు ఉంటాయి కనుక 0 మూడుసార్లు వస్తుంది.

విలువలు చూసి చెట్టును అన్నిసార్లూ చెప్పలేం. చెట్టు లాక్షణిక బహుపది (ఐగెన్ విలువలే మూలాలుగా ఉన్న బహుపది) గుణకాలు, గుర్తు వదిలేస్తే, ఒకదాన్నొకటి తాకని గీతలను ఒకటి, రెండు, మూడు చొప్పున ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో ఆ లెక్కలే. 8 చుక్కలతో రెండు చెట్లు గీయి. మొదటిదానిలో రెండు కేంద్రాలు కలిసి ఉంటాయి, ఒక్కోదానికి మూడేసి ఆకులు, అంటే ఒకే గీత ఉన్న చివరి చుక్కలు. రెండోదానిలో ఒక కేంద్రం నుంచి ఐదు గీతలు, వాటిలో ఒక కొమ్మ మాత్రం మరో రెండు చుక్కలు ముందుకు సాగుతుంది. రెండిట్లోనూ 7 గీతలు. తాకని జతలు మొదటిదానిలో 3×3, అంటే 9. రెండోదానిలో 5×2=10, సాగిన కొమ్మలో కేంద్రం పక్క చుక్క దగ్గర తాకే ఒక జత తీసేస్తే అదీ 9. తాకని మూడు గీతలు దేనిలోనూ లేవు. అందుకే విలువలన్నీ ఒకటే!

ఇదేదో అరుదైన సంగతి అనుకోకు. చుక్కలు పెరిగేకొద్దీ, ఇలా అవే విలువలున్న మరో చెట్టు దొరకని చెట్ల వాటా సున్నాకు చేరుతుందని 1973లో గణితవేత్త ఆలెన్ ష్వెంక్ నిరూపించారు.